ఇద్దరి నడక

కూర్చుని పనిచేసినందుకు సీమా ఉద్యోగం పోయింది. పని మానేసి కూర్చున్నందుకు కాదు, ముచ్చట్లు పెట్టినందుకూ కాదు. మీటింగు గదిలో ఎవరో దొరబాబు కార్పెట్ మీద కాఫీ ఒలకబోస్తే, ఆ మరక వదిలేదాకా మోకాళ్ళ మీద కూర్చుని బ్రష్‌తో రుద్దింది. మరక పోయింది. మర్నాడు శుక్రవారం, దాని వెనకాలే సీమా కూడా పోయింది. ఆమె చేతికి కట్టిన పట్టీ అంతసేపు మనిషి కదల్లేదని చెప్పిందట. కదల్లేదంటే పనిచేయలేదని అర్థమట. దాన్ని కనిపెట్టిన మహానుభావుడు జన్మలో ఒక్క మరకైనా రుద్దాడో లేదో!

సోమవారం పొద్దున్నే నల్లా దగ్గర నిలబడ్డ దర్శనకు సీమా మొహమే కళ్ళముందు ఆడుతోంది. ముంబై కామాఠిపురాలో వాళ్ళుండే ఇరుకు గదుల చాల్‌కి నీళ్ళు వచ్చేది పొద్దున కాసేపే. అంతమందికి ఒకటే నల్లా. అయినా ఎవరూ వరుసలో నిలబడరు. బిందెలు నిలబడతాయి. మనిషి లోపల పొయ్యి దగ్గర ఉన్నా, సండాసు దగ్గర ఉన్నా, బిందె వరుసలో ఉందంటే మనిషి ఉన్నట్టే లెక్క. వంతు రాగానే పక్కవాళ్ళే నింపి పక్కకు పెడతారు. కట్టుబడి పనికని తాతలు వచ్చిన కాలం నుంచీ ఇదే పద్ధతి. సొంత అన్నదమ్ములు కోర్టుకెక్కారు గానీ, ఒకరి బిందెను ఒకరు జరిపిన పాపాన పోలేదు.

"నీ బిందె నింపి పెట్టిన బిడ్డా. నిలబడే నిద్రపోతున్నవేంది?" అంది మల్లమ్మ. ఆమె పాలమూరు నుంచి ఈ ఏడే వచ్చింది. పై అంతస్తులో అద్దెకుంటోంది. మరాఠీ రాని మనిషిని ఎలా పెట్టుకుంటామని ఆఫీసులో సూపర్‌వైజర్ అతుల్ సర్ అంటే, నేను చెప్పుకుంటాను సర్ అని పూచీపడి ఆమెను తనతోపాటు పనిలో పెట్టించింది దర్శనే.

"నిద్ర గాదు చిన్నమ్మా. సీమాను తీసేసిండ్రు గద. ఈ శుక్రారం ఎవరినో అని."

"గంత భయమైతే ఎట్లనే? చేసే చేతులకు పనేం కరువు?"

"ముంబైల పనికి కరువు లేదు చిన్నమ్మా. చేసే చేతులకు గూడ కరువు లేదు. గేటు కాడికి పోయి చూడు, ఎంతమంది నిలబడ్డరో."

ఇంట్లోకి వచ్చేసరికి అత్త రత్నాబాయి రొట్టెలు డబ్బాలో సర్దుతోంది. మొగుడు మంగేష్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాగ్‌పాడాలో అతను పనిచేసే పాలిష్ కార్ఖానా మూతపడ్డ దగ్గర్నుంచి పొద్దున లేవడం ఆలస్యమవుతోంది. లేచి చేసేదేముందని అతని బాధ.

"జల్దీ పో అమ్మా" అంది రత్నాబాయి గొంతు తగ్గించి. "వాడు మళ్ళ పనిల పడేదాక నువ్వే దిక్కు. నీ నౌకరి జాగర్త."

ధైర్యం చెప్పాలనే ఆ ముసలమ్మ అన్నది. దర్శనకు మాత్రం అది హెచ్చరికలా వినిపించింది. డబ్బా సంచిలో వేసుకుని, మల్లమ్మను వెంటబెట్టుకుని, ఫాక్‌లాండ్ రోడ్డు మీదుగా గ్రాంట్ రోడ్ స్టేషనుకు పరుగులాంటి నడక నడిచింది.

వాళ్ళు పనిచేసేది లోయర్ పరేల్‌లో ఒక అద్దాల మేడలో. దర్శనది ఎనిమిదో అంతస్తు, మల్లమ్మది తొమ్మిది. లోపలికి అడుగుపెట్టగానే ఒక్కొక్కరి చేతికీ రబ్బరు పట్టీ కడతారు. దాని మీద కందిగింజంత దీపం ఉంటుంది. నడుస్తుంటే పచ్చగా, నిలబడితే పసుప్పచ్చగా వెలుగుతుంది. ఇంకా నిలబడితే ఎర్రబడి, చర్మం మీద కందిరీగలా జుయ్యిమంటుంది. ఎవరి దీపం ఎంతసేపు ఏ రంగులో ఉందో అతుల్ సర్ కంప్యూటర్‌లో పడుతుంది. శుక్రవారం సాయంత్రం ఎర్రరంగు ఎక్కువున్న మనిషికి పిలుపు వస్తుంది.

ఆ రోజు భోజనాలయ్యాక అతుల్ సర్ అందరినీ పాంట్రీలో నిలబెట్టి సమయపాలన గురించి చెప్పాడు. కుర్రవాడు, మర్యాదస్తుడే. ఆడవాళ్ళందరినీ అక్కా, పిన్నీ అన్నట్టు తాయీ అనీ మౌషీ అనీ పిలుస్తాడు. వారం మొత్తాన్ని ముందే మనసులో గీసుకోవాలట. పెద్దపనిని చిన్న ముక్కలు చేసుకోవాలట. ముఖ్యమైనది ముందు చేయాలట. నల్లా, పొయ్యి, సండాసు వరుస, స్లో ట్రెయిన్లో తొక్కిసలాట ఇవన్నీ పొద్దెక్కకముందే గెలిచివచ్చిన ఆడవాళ్ళు, చేతులు కట్టుకుని బుద్ధిగా విన్నారు. వినక చస్తారా!

"ఏమంటున్నడే?" మల్లమ్మ గుసగుసగా అడిగింది.

"నిలబడొద్దంటున్నడు."

"గింతసేపు చెప్పింది గదేనా?"

"గదే."

మంగళవారానికి అందరికీ కిటుకు అర్థమైపోయింది. బేసిన్ రుద్దుతూ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి ఊగాలి. అద్దం తుడుస్తూ వెనక్కీ ముందుకీ జరగాలి. ఎండిపోయిన మరక కనిపిస్తే చూడనట్టు దాటిపోవాలి, ఎందుకంటే మరక దగ్గర నిలబడాలి. నేల తుడిచే పోచా కర్ర పట్టుకుని కారిడార్‌లో ఆ కొసకూ ఈ కొసకూ తిరిగితే చాలు, దీపం పచ్చగా నవ్వుతూ ఉంటుంది. దర్శనకు అది చేతకాలేదు. పదేళ్ళ అలవాటు, నేల పలకల మధ్య గీతలో మురికి కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. పైగా మల్లమ్మకు ఏ సీసాలో ఏ మందుందో చూపించడానికి మాటిమాటికీ తొమ్మిదో అంతస్తుకు వెళ్ళి నిలబడాల్సి వచ్చేది.

సాయంత్రం లిఫ్టు దగ్గర అతుల్ సర్ ఆపాడు.

"దర్శనాతాయీ, ఈ వారం అందరికన్నా కింద ఉన్నది మీరే." మరాఠీలో మెల్లగా, ఎవరూ వినకుండా అన్నాడు. "నాకేం కోపం లేదు. పైవాళ్ళు చూసేది అదొక్కటే. ఇంకా మూడు రోజులున్నాయి, చూసుకోండి."

ఆ మాట విన్నాక దర్శనకు ట్రెయిన్లో నిలబడటానికి కూడా భయమేసింది. పట్టీ ఆఫీసులోనే విప్పి ఇచ్చి వచ్చింది, అయినా మణికట్టు మీద ఎవరో జుయ్యిమంటున్నట్టే ఉంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని ఊరికే అన్నారా? ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అన్నం ముందు కూర్చుని కాలు ఆడిస్తూనే ఉంది. రత్నాబాయి రెండుసార్లు ఆ మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

బుధవారం నుంచి ఆమె కూడా నడిచింది. మరక కనిపిస్తే మొహం తిప్పుకుని నడిచింది. మధ్యాహ్నం తొమ్మిదో అంతస్తులో ఏం జరుగుతోందో చూద్దామని మెట్లెక్కింది. కారిడార్ మధ్యలో, బాత్రూమ్ తలుపు ముందు, మల్లమ్మ నీళ్ళ బాల్టీ ఒంటరిగా ఉంది. పోచా కర్ర నిటారుగా గోడకు ఆనించి ఉంది. బాల్టీ పిడికి మల్లమ్మ పట్టీ కట్టి ఉంది. ఎర్రదీపం. బాల్టీ ప్లాస్టిక్ మీద జుయ్యిజుయ్యిమని ఒకటే మోత.

దర్శన బాత్రూముల్లో చూసింది, పాంట్రీలో చూసింది. చివరికి అగ్ని ప్రమాదమైతే దిగే మెట్ల మీద, అట్టముక్క పరుచుకుని ముడుచుకుపోయి పడుకున్న మల్లమ్మ కనిపించింది. నుదుటి మీద చెయ్యి వేస్తే పెనంలా ఉంది.

"పట్టీ ఎందుకు ఇప్పినవ్ చిన్నమ్మా?"

"ఇప్పి పారెయ్యలేదు బిడ్డా. బాల్టీకి కట్టొచ్చిన. నా బాల్టీ నా జాగల నిలబడ్డది గద. జరమొచ్చి కాళ్ళల్ల బలం లేదు, జెర నడుం వాల్చి వస్త."

దర్శనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమె అంత నిశ్చింతగా చెప్పింది ఆ మాట. దొంగతనంగా పడుకున్నానన్న బెరుకు ఆ మొహంలో రవ్వంత కూడా లేదు. బాల్టీ నిలబడింది, ఇక ఎవరైనా ఏమంటారు?

"ఇది మన నల్లా గాదు చిన్నమ్మా! ఈడ బాల్టీ నిలబడితే మనిషి పోయినట్టే!"

మల్లమ్మకు అప్పటికి అర్థమైంది. లేవబోయి, గోడ పట్టుకుని, మళ్ళీ కూలబడింది. "అయ్యో, ఎంత పని చేస్తిని! తీసేస్తరా బిడ్డా? ఊర్ల ఏమున్నది, ఏం బెట్టుకొని పోవాలె?"

"సారుకు చెప్పి ఇంటికి పోరాదు?"

"జరమని ఇంటికి పోయినోళ్ళను మళ్ళ రానిస్తరా? నువ్వే చెప్పినవు గద."

నిజమే, దర్శనే చెప్పింది. పూచీపడిందీ తనే. రేపు మల్లమ్మ పని తప్పిందంటే, ఈమెను తెచ్చిందెవరని అడుగుతారు. అసలే కింద ఉన్న తన పేరు ఇంకా కిందికి పోతుంది. జాలి ఎంతో, భయం ఎంతో ఆమెకే విడదీయడం తెలియలేదు. బాల్టీ దగ్గరకు పరుగెత్తి పట్టీ విప్పింది. తన కుడిచేతికి మోచేతి పైన బిగించి, యూనిఫాం చేతిని కిందికి లాక్కుంది. నడవడం మొదలుపెట్టగానే చర్మం మీద ఆ జుయ్యిమనడం ఆగిపోయింది.

"నువ్వు పండుకో చిన్నమ్మా. మెట్ల తలుపు తీయకు. నేనొచ్చి లేపుత."

గురువారం మల్లమ్మ మందుబిళ్ళ వేసుకుని, దర్శన భుజం పట్టుకుని పనికి వచ్చింది. పట్టీ కట్టించుకుంది, తొమ్మిదో అంతస్తుకు వెళ్ళింది, పట్టీ విప్పి దర్శన చేతిలో పెట్టింది, మెట్ల మీద పడుకుంది. దర్శన రెండు అంతస్తులూ తిరిగింది. ఎనిమిదిలో ఒక చుట్టు, మెట్లెక్కి తొమ్మిదిలో ఒక చుట్టు, మళ్ళీ ఎనిమిది. చేతిలో పోచా ఉందే గానీ అది సరిగా తడిసింది కూడా లేదు. బేసిన్ల చుట్టూ సబ్బునీళ్ళు ఎండి చారలు కట్టాయి. చెత్తబుట్టల్లో కాగితాలు పొంగిపొర్లాయి. దర్శన అన్నీ చూస్తూనే దాటిపోయింది. తన చేతులతో అద్దంలా పెట్టుకున్న అంతస్తును తనే ఇలా పాడుపెడుతున్నందుకు ఏడుపొచ్చింది, ఏడవడానికి ఆగితే దీపం మారుతుందని ఆగలేదు.

ప్రతి మూలలోనూ కెమెరా ఉంది. ఇన్నాళ్ళూ దాని ఉనికే తెలియలేదు, ఇప్పుడు ప్రతిదీ తన మోచేతినే చూస్తున్నట్టుంది. ఎవరైనా ఆఫీసు మనిషి ఎదురైతే కుడిచేతిని నడుముకు దగ్గరగా నొక్కుకునేది. లిఫ్టు గంట మోగితే ఉలిక్కిపడేది. ఒకసారి అతుల్ సర్ గొంతు వినిపించి ఆడవాళ్ళ బాత్రూమ్‌లోకి దూరి, అక్కడ కూడా నిలబడలేక గోడకూ గోడకూ మధ్య తిరిగింది. అద్దంలో తన మొహం తనకే కొత్తగా కనిపించింది, పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

సాయంత్రం ఇంట్లో రత్నాబాయి ఆమె పాదాలకు నూనె రాస్తూ అంది: "బొబ్బలెట్ల లేసినయ్ చూడు. గంత పనా?"

"పని లేదు అత్తమ్మా. నడకనే."

"ఎందుకు వణుకుతున్నవ్? ఎవడన్న ఏమన్న అన్నడా? చెప్పు, నేనొచ్చి అడుగుత."

"ఏం లేదు. రేపొక్కరోజు దాటితే చాలు" అంది దర్శన. కాళ్ళు వెనక్కి లాక్కుని, కోడలి కాళ్ళు పట్టుకునే అత్త ఎక్కడైనా ఉంటుందా అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

శుక్రవారం సాయంత్రం పిలుపు వచ్చింది. ఒక్కరికి కాదు, ఇద్దరికి. మల్లమ్మను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, దర్శన ఒక్కతే లోపలికి వెళ్ళింది. అతుల్ సర్ కంప్యూటర్‌ను ఆమె వైపు తిప్పాడు. తెర మీద రెండు గీతలు ఒకదాని పక్కన ఒకటి పాకుతున్నాయి. ఒకటి వంగిన చోటల్లా రెండోదీ వంగింది. ఒకటి మెట్లెక్కినప్పుడల్లా రెండోదీ ఎక్కింది.

"బుధవారం మధ్యాహ్నం నుంచి ఇలాగే ఉంది" అన్నాడు. "రెండు పట్టీలూ ఒకే చేతికి ఉన్నాయి కదా తాయీ?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచింది. చివరికి తనది విప్పి, మల్లమ్మది మోచేతి మీంచి జార్చి, రెండూ బల్ల మీద పెట్టింది. చేతులు జోడించింది. "తప్పయింది సర్. ఈ ఒక్కసారికి..."

"అరే, చేతులు దించండి. నేను తిట్టడానికి పిలవలేదు." అతుల్ నిజంగానే నవ్వుతున్నాడు. "పైవాళ్ళకు చూపించాను. వాళ్ళేమన్నారో తెలుసా? ఒకే మనిషి రెండు అంతస్తులు తిరగగలిగితే, ఇద్దరెందుకు అన్నారు."

దర్శనకు వెంటనే అర్థం కాలేదు.

"సోమవారం నుంచి రెండు అంతస్తులకూ ఒక్కరే. రెండు పట్టీలు కట్టుకుని తిరిగింది ఎవరైతే వాళ్ళే ఉంటారు. రెండో మనిషి రానక్కర్లేదు."

"కానీ నేను తుడవలేదు సర్! నడిచానంతే. బేసిన్లు చూడండి, బుట్టలు చూడండి..."

"ఫిర్యాదు ఒక్కటీ రాలేదు తాయీ." కాస్త ఇబ్బందిగా బల్ల సర్దాడు. "ఇలాంటి వాటిలో నా చేతిలో ఏమీ ఉండదు. అయితే తిరిగింది మీరేనన్నమాట. సరే, మౌషీని కూడా ఒక మాట అడగాలి. రేపు నాకు అన్యాయం చేశావని అనకూడదు. పిలవండి."

మల్లమ్మ తలుపు దగ్గరే ఆగింది. జ్వరంతో కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అతుల్ సర్ బల్ల మీది పట్టీలను వేలితో చూపించి, రెండు వేళ్ళెత్తి, ఎవరు అన్నట్టు చెయ్యి తిప్పాడు. మల్లమ్మ ఆ రెండు పట్టీలనూ చూసింది. నెత్తురుచుక్క లేని దర్శన మొహాన్ని చూసింది. దొరికిపోయామని ఆమె అనుకున్నట్టు దర్శనకు తెలిసిపోయింది. మల్లమ్మ కొంగు నడుముకు దోపుకుని బల్ల దాకా వచ్చి, అరచేత్తో గుండెల మీద కొట్టుకుంది.

"సారుకు చెప్పు బిడ్డా. రెండూ నేనే కట్టుకున్న. నీది నేనే అడిగి గుంజుకున్న. రెండంతస్తులు నేనే తిరిగిన. నీకేం దెల్వదని చెప్పు. తప్పంత నాది, తీసేస్తే నన్ను తీసెయ్యమను."

"ఏమంటోంది?" అన్నాడు అతుల్.

ఈ మాటలు ఉన్నవి ఉన్నట్టు మరాఠీలో చెబితే చాలు. నేరం నెత్తిన వేసుకుంటున్నాననుకుని మల్లమ్మ ఉద్యోగాన్ని తన దగ్గరకు లాక్కుంటోంది, ఆ సంగతి ఆమెకు తెలియదు. అతుల్‌కు ఇద్దరిలో ఎవరైనా ఒకటే, పట్టీలు ఎవరి చేతి నుంచి దిగినా, తిరిగానని గట్టిగా అన్నవాళ్ళ పేరే రాసుకుంటాడు. చెబితే సోమవారం ఈ పట్టీ మల్లమ్మ చేతికి ఉంటుంది, దర్శన గేటు బయట ఉంటుంది. వారమంతా భయపడ్డాననుకుంది దర్శన. అదంతా ఉత్తదే. భయమంటే ఇదీ. గోడవైపు తిరిగి పడుకున్న మంగేష్ వీపు గుర్తొచ్చింది. అతుల్ ఎదురుచూస్తున్నాడు. మల్లమ్మ, చెప్పు చెప్పు అన్నట్టు ధైర్యంగా తల ఊపుతోంది.

"ఒంట్లో బాగాలేదంటోంది సర్" అంది దర్శన. "తిరగడం తన వల్ల కాదట. సోమవారం నుంచి రానంటోంది."

మరాఠీ ఎక్కడా తడబడలేదు.

అతుల్ ఊపిరి వదిలాడు. "మంచిదైంది, గొడవ లేకుండా పోయింది. మౌషీని ఆరోగ్యం చూసుకోమనండి" అని, మల్లమ్మకు ఎంతో మర్యాదగా నమస్కారం పెట్టాడు. మల్లమ్మ కూడా పెట్టింది.

కారిడార్‌లోకి రాగానే మల్లమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"చెప్పినవా బిడ్డా?"

"చెప్పిన."

"అంత చెప్పినవా? ఒక్క ముక్క ఇడువకుండ?"

"అంత చెప్పిన చిన్నమ్మా."

"నిన్ను ఉంచుతనన్నడా?"

"ఉంచుతనన్నడు."

"నా తల్లీ!" మల్లమ్మ గోడకు ఆనుకుని గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "మంచిగైంది. నాదేముంది, ఇది గాకపోతే ఇటుకలు మోస్త. నన్ను కాపాడవోయి నీ నోటికాడి బువ్వ పోతే, ఆ పాపం నేనేడ మొయ్యాలె? సారు మంచోడే, చూసినవా, తీసేసి గూడ దండం పెట్టిండు."

దర్శన కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. మల్లమ్మ కొంగు తీసి, జ్వరంతో కాలిపోతున్న చేత్తో ఆమె మొహం తుడిచింది, చెంపలూ గడ్డమూ చిన్నపిల్లకు తుడిచినట్టు తుడిచింది.

"పిచ్చిదానా, ఎందుకేడుస్తవే? నువ్వేమన్న తప్పు చేసినవా?"

"లేదు చిన్నమ్మా" అంది దర్శన.